షాక్‌లో ఉన్న పేషంటును నెమ్మదిపరిచేటప్పుడు మెదడుకు రక్తం తగ్గకుండా చూసుకోవడం

అందరికీ నమస్కారమండి. కోనసీమ నుంచి, కాకినాడ నుంచి, భీమవరం, పాలకొల్లు వైపు నుంచి ఐసీయూ డాక్టర్లు, సిస్టర్లు, అంబులెన్సులో పనిచేసేవాళ్లు కూడా వచ్చారు. అందుకని మందుల కంపెనీ పేర్ల జోలికి పోకుండా, రేపు డ్యూటీలో సిరంజి పంపు ముందు నిలబడ్డప్పుడు పనికొచ్చేలా చెబుతాను.

సెప్టిక్ షాక్ అంటే సెప్సిస్, అంటే ఒళ్లంతటినీ దెబ్బతీసే ఇన్ఫెక్షన్, ముదిరి బీపీ పడిపోవడం. మన దగ్గర అది ఎలా వస్తుందో మీకు తెలుసు. బోదకాలు ఉన్నవాళ్లకు కాలు ఎర్రబడి వాచి ఇన్ఫెక్షన్ ఎక్కడం, చేపల చెరువులో, రొయ్యల చెరువులో దిగినప్పుడు తగిలిన గాయం, వరి చేలలో బురద తొక్కేవాళ్లకు లెప్టోస్పైరోసిస్, స్క్రబ్ టైఫస్, షుగర్ పేషంటుకు మూత్రపు ఇన్ఫెక్షన్. సరిపడా సెలైన్ ఎక్కించిన తర్వాత కూడా సగటు బీపీ, అంటే మనం మ్యాప్ అనేది, 65 నిలబెట్టడానికి నార్ అడ్రినలిన్ లాంటి బీపీ పెంచే మందు కావలసి వచ్చి, లాక్టేట్, అంటే ఒంటికి రక్తం సరిగా అందనప్పుడు రక్తంలో పెరిగే ఆమ్లం, 2 దాటి ఉంటే అది సెప్టిక్ షాక్. 2016 నుంచి వాడుతున్న నిర్వచనం ఇదే.

ఈ పేషంటు మంచం మీద ఎలా ఉంటాడు? గుండె 130 కొట్టుకుంటుంది, ఊపిరి 36, చెమటలు, కంగారు. ట్యూబు లాగేసుకుంటాడు, పిలిస్తే వేరే మాటేదో చెబుతాడు. ఒంట్లో అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ పొంగి ఉంటాయి. ఇతన్ని నెమ్మదిపరచాలని మందు మొదలుపెడతాం. డెక్స్‌మెడిటొమిడిన్ కావచ్చు, ప్రొపోఫాల్ కావచ్చు, మిడజోలం కావచ్చు. గుండె వేగం తగ్గించడానికి కొందరు ఎస్మోలాల్ కూడా పెడతారు. పది నిమిషాల్లో పేషంటు కుదురుకుంటాడు, మానిటర్ మీద అంకెలు అందంగా కనిపిస్తాయి. ఆ సమయంలో మెదడుకు రక్తం ఎంత వెళుతోందన్నది మానిటర్ మీద కనపడదు. ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే. గుండె పంపే రక్తంలో మాత్రం 15 నుంచి 20 శాతం అదే వాడుకుంటుంది. 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మి.లీ. అందాలి. ఆరోగ్యవంతుడికి బీపీ కొంచెం పెరిగినా తగ్గినా ఈ 50 మారదు. మ్యాప్ పడితే మెదడులోని సన్న రక్తనాళాలు విచ్చుకుంటాయి, పెరిగితే ముడుచుకుంటాయి. దీన్ని ఆటోరెగ్యులేషన్ అంటాం.

డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది కాలువ భాషలో చెబితే తేలిక. ధవళేశ్వరం దగ్గర ఎంత నీరు వదిలినా, తూము దగ్గర లస్కరు షట్టరు ఎత్తుతూ దించుతూ ఉంటే పంట బోదెలోకి నీరు ఒకే మట్టంలో వస్తుంది. సెప్సిస్‌లో చాలామందికి ఈ షట్టరు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువవుతుంది, మెదడును కాపాడే అడ్డుగోడ కారుతుంది. ఇక కాలువలో ఎంత మట్టం ఉంటే చేలో అంతే. కాలువ మట్టం పడితే ముందు ఎండేది శివారు ఆయకట్టు. మెదడులోనూ అంతే, రెండు పెద్ద రక్తనాళాల పరిధులు కలిసే చివరి భాగాలే ముందు దెబ్బతింటాయి.

కాబట్టి నెమ్మదిపరిచే ప్రతి మందుకూ నాలుగు ప్రశ్నలు వేయండి. మెదడు అవసరాన్ని ఎంత తగ్గిస్తుంది? మెదడు రక్తనాళాన్ని నేరుగా ఏం చేస్తుంది? మ్యాప్‌ను, గుండె పంపే రక్తాన్ని ఎంత పడగొడుతుంది? ఊపిరిని అణచి కార్బన్ డయాక్సైడ్‌ను మారుస్తుందా? చేలో పంటకే నీరు అక్కర్లేనప్పుడు కాలువలో మట్టం తగ్గితే నష్టం లేదు. పొట్ట దశలో తగ్గితే పంట పోతుంది. మందు వల్ల మెదడుకు రక్తం తగ్గిందంటే వెంటనే భయపడక్కర్లేదు. అవసరం తగ్గినంత మేరకే తగ్గిందా, అంతకంటే ఎక్కువ తగ్గిందా అన్నదే చూడాలి.

డెక్స్‌మెడిటొమిడిన్‌తో మొదలుపెడదాం. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కేంద్రం ఉంది, మెలకువకూ కంగారుకూ నార్ అడ్రినలిన్ పంపేది అదే. ఈ మందు అక్కడి ఆల్ఫా-2 గ్రాహకాల మీద పనిచేసి దాన్ని నెమ్మదిపరుస్తుంది. పేషంటు నిద్రపోయినట్టే ఉంటాడు, తట్టి లేపితే కళ్లు తెరిచి జవాబు చెబుతాడు, ఊపిరి పెద్దగా అణగదు. ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షల్లో మెదడు రక్తప్రవాహం సుమారు మూడో వంతు తగ్గింది. మెదడు అవసరం కూడా దాదాపు అదే పాళ్లలో తగ్గిందని ఇంకో పరీక్ష చూపించింది. అంటే లెక్క సరిపోయింది. కానీ అదే రకం ఆరోగ్యవంతుల్లో, ఈ మందు ఇచ్చాక బీపీ గభాల్న మారినప్పుడు సర్దుకునే వేగం మందగించిందని కూడా 2008లో చూపించారు. ఆరోగ్యవంతుడి షట్టరే నెమ్మదించిందంటే, అప్పటికే బిగుసుకున్న షట్టరు సంగతి ఆలోచించండి. మందు వల్ల నష్టం జరిగేది మ్యాప్ హఠాత్తుగా పడ్డ ఆ నాలుగైదు నిమిషాల్లోనే.

అందుకే సెప్టిక్ షాక్‌లో లోడింగ్ డోసు, అంటే మొదట్లోనే ఇచ్చే పెద్ద డోసు, వద్దు. మందు పెట్టెలోని కాగితం మీద కిలోకు 1 మైక్రోగ్రాము 10 నిమిషాల్లో అని ఉంటుంది. అలా ఇస్తే ముందు చేతులు కాళ్లలోని రక్తనాళాలు ముడుచుకుని బీపీ పైకి లేస్తుంది, ఆ తర్వాత సింపథెటిక్, అంటే అడ్రినలిన్ పొంగించే నరాల వ్యవస్థ, ఆగిపోయి ఒక్కసారిగా కిందికి దిగుతుంది, గుండె 45కి పడుతుంది. షట్టరు లేని మెదడు ఆ పోటునూ భరించాలి, ఆ పాటునూ భరించాలి.

కలిపే పద్ధతి ఇది. 2 మి.లీ. ఆంప్యూల్‌లో 200 మైక్రోగ్రాములు ఉంటాయి. 48 మి.లీ. సెలైన్‌లో కలిపితే 50 మి.లీ. అవుతుంది, మి.లీ.కు 4 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి గంటకు కిలోకు 0.2 చొప్పున అంటే 12 మైక్రోగ్రాములు, పంపు మీద గంటకు 3 మి.లీ. 0.7 కావాలంటే 10.5 మి.లీ. 3 దగ్గర మొదలుపెట్టండి. కనీసం అరగంట ఆగి, మ్యాప్ నిలబడితేనే 1.5 మి.లీ. పెంచండి. కంగారుగా పది నిమిషాలకోసారి పెంచితే, ముందు పెంచిన డోసు పని కనపడేలోగా రెండోది ఎక్కేస్తుంది, ఒక గంట తర్వాత అన్నీ కలిసి బీపీని లాగేస్తాయి. అప్పటిదాకా నొప్పికి 25 నుంచి 50 మైక్రోగ్రాముల ఫెంటనిల్ చాలు. చాలామంది కొట్టుకునేది నొప్పికి, మూత్రం నిండిన బ్లాడరుకు, బిగుసుకున్న ట్యూబు టేపుకు. సెడేషన్‌కు, అంటే నెమ్మదిపరిచే మందుకు, ముందు మూత్రం వెళ్లే ఫోలీ ట్యూబు మెలిక పడిందేమో చూడండి.

ఇంకో మాట. సెప్సిస్ తెప్పించిన గొర్రెల మీద చేసిన ప్రయోగాల్లో ఈ ఆల్ఫా-2 మందులు ఇస్తే నార్ అడ్రినలిన్ తక్కువ పట్టింది. పొంగిన సింపథెటిక్‌ను అణిస్తే రక్తనాళం మళ్లీ మందు మాట వింటుందన్నది దాని వెనక ఆలోచన. ఇది ఆశ కలిగించే సంగతే, నాకూ దాని మీద నమ్మకం ఉంది. కానీ మనుషుల మీద పెద్ద పరీక్షల్లో ప్రాణాలు నిలిపినట్టు తేలలేదు. 2019లో వచ్చిన స్పైస్-3 అనే పరీక్షలో దాదాపు 4000 మందిని చూశారు. 90 రోజుల మరణాల్లో తేడా లేదు, గుండె వేగం పడిపోవడం, బీపీ పడిపోవడం ఎక్కువ. 65, అంతకంటే తక్కువ వయసువాళ్లలో మరణాలు ఎక్కువ కావచ్చని ఆ పరీక్ష నుంచే హెచ్చరిక వచ్చింది. 2021లో మెండ్స్-2 అనే పరీక్షలో సెప్సిస్ పేషంట్లకే దీన్నీ ప్రొపోఫాల్‌నూ పోల్చారు. మెదడు బాగున్న రోజుల్లో రెండింటికీ తేడా రాలేదు. కాబట్టి డెక్స్ లేదని ఎవరూ బాధపడక్కర్లేదు. ఉన్న మందును జాగ్రత్తగా ఇచ్చినా సరిపోతుంది.

ప్రొపోఫాల్ మెదడు అవసరాన్ని, రక్తాన్ని కలిపే తగ్గిస్తుంది. ఆ విషయంలో మంచి మందే. ఇబ్బంది అది ఒళ్లంతా రక్తనాళాలను వదులు చేయడంలో ఉంది. 1 శాతం ద్రావణంలో మి.లీ.కు 10 మి.గ్రా. ఉంటుంది, 60 కిలోల మనిషికి గంటకు 3 మి.లీ.తో మొదలుపెట్టవచ్చు. ఊపిరి ట్యూబు వేయడానికి ముందు షాక్ పేషంటుకు ఆపరేషన్ థియేటర్ డోసు, అంటే కిలోకు 2 మి.గ్రా., ఒక్కసారి తోయడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. నార్ అడ్రినలిన్ ముందు పెట్టి, కెటమిన్ అనే మత్తుమందు కిలోకు అర నుంచి 1 మి.గ్రా. ఇచ్చి వేయండి. అడ్రినలిన్ నిల్వలు అయిపోయిన పేషంటులో కెటమిన్‌తో కూడా బీపీ పడుతుంది, కాబట్టి నార్ అడ్రినలిన్ పంపు తిరుగుతున్నప్పుడే ఇవ్వాలి. ఎటోమిడేట్ అనే ఇంకో మత్తుమందుతో బీపీ పెద్దగా పడదు గానీ అడ్రినల్ గ్రంథిలో కార్టిసాల్ తయారీని ఆపుతుంది.

మిడజోలం మన ఊళ్లలో చౌక, ఎక్కడైనా దొరుకుతుంది. ఒకటి రెండు మి.గ్రా. ఒక్కసారికి ఇస్తే ఇబ్బంది లేదు. గంటల తరబడి ఇన్ఫ్యూజన్ పెడితే, కిడ్నీ దెబ్బతిన్న ఈ పేషంట్లలో దాని విరిగిన పదార్థం పేరుకుపోతుంది. మందు ఆపి రెండు రోజులైనా లేవడు. అప్పుడు సెప్సిస్ వల్ల మెదడు మందగించిందా, మందు వల్లా అని తేల్చుకోలేక స్కాన్‌కు ఊరు దాటిస్తారు.

ఇక ఎస్మోలాల్. గుండె 130 కొట్టుకుంటే నిండేందుకు సమయం ఉండదు, తగ్గిస్తే ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం వస్తుందన్న లెక్కతో మొదలైంది. 2013లో రోమ్‌లో ఒకే ఆసుపత్రిలో 154 మంది మీద చేశారు, 28 రోజుల మరణాలు మందు ఇచ్చినవాళ్లలో 49.4 శాతం, ఇవ్వనివాళ్లలో 80.5 శాతం. ఇవ్వనివాళ్లలో అంతమంది పోవడమే చాలామందికి అనుమానం తెప్పించింది. 2023లో బ్రిటన్‌లో స్ట్రెస్-ఎల్ అనే పరీక్షలో అదే కుటుంబానికి చెందిన లాండియోలాల్ ఇచ్చారు. 126 మంది దగ్గరే ఆపేశారు. 28 రోజులకు మరణాలు మందు ఇచ్చినవాళ్లలో 37.1 శాతం, ఇవ్వనివాళ్లలో 25.4. మెదడు వైపు నుంచి చూస్తే ఈ మందులు అవసరాన్ని పెద్దగా తగ్గించవు, రక్తం వచ్చే దారిని మాత్రం తగ్గించగలవు. ఆటోరెగ్యులేషన్ పోయినప్పుడు గుండె పంపే రక్తం తగ్గితే, మ్యాప్ 65 ఉన్నట్టే కనిపిస్తున్నా మెదడుకు తగ్గవచ్చు. ఎకో, అంటే గుండె స్కాన్, లేని చోట, లాక్టేట్ గంటగంటకు చూడలేని చోట సెప్టిక్ షాక్‌లో ఈ బీటా బ్లాకర్ మందులు పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. జ్వరం, నొప్పి, రక్తం తక్కువ, సెలైన్ తక్కువ, ఇవన్నీ సరిచేశాక కూడా 130 ఉంటే అప్పుడు ఎకో చూసి ఆలోచించండి.

హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ గురించి మీలో ఒకరు చీటీ పంపారు. దీన్ని స్ట్రెస్ డోసు అంటాం గానీ ఇది స్ట్రెస్ తగ్గించేది కాదు, ఒంటికి తక్కువైన స్ట్రెస్ హార్మోనును భర్తీ చేసేది. నార్ అడ్రినలిన్ నిమిషానికి కిలోకు 0.25 మైక్రోగ్రాములు చేరి నాలుగు గంటలు దాటితే 50 మి.గ్రా. ఆరు గంటలకోసారి ఇస్తాం. షాక్ త్వరగా విడుతుంది, మ్యాప్ ఎగుడుదిగుడులు తగ్గుతాయి, మెదడుకు మేలు అక్కడ. షుగర్, సోడియం పెరుగుతాయి, రెండూ మతి తప్పించేవే కాబట్టి చూసుకోవాలి. వేలి నుంచి చుక్క తీసి గ్లూకోమీటరుతో చూస్తే షాక్‌లో తప్పు చూపిస్తుంది, సిర నుంచి గానీ ధమని నుంచి గానీ తీయండి.

ఇప్పుడు అసలు తప్పులు జరిగే చోటు, ప్రెషర్ కొలవడం దగ్గరికి వద్దాం. ధమనిలో పెట్టిన గొట్టం నుంచి ప్రెషర్ కొలిచే పరికరాన్ని, అంటే ఆర్టీరియల్ లైన్ ట్రాన్స్‌డ్యూసర్‌ను, గుండె ఎత్తున పెడతాం, తల 30 డిగ్రీలు ఎత్తుతాం. మెదడు గుండెకంటే 15 సెం.మీ. పైన ఉంటుంది. 13.6 సెం.మీ. రక్తం ఎత్తుకు సుమారు 10 మి.మీ. ప్రెషర్ తగ్గుతుంది. మానిటర్ మీద 65 ఉంటే మెదడు దగ్గర 54. మామూలు మనిషికి ఆటోరెగ్యులేషన్ పనిచేసే కింది సరిహద్దు అది, పదేళ్లుగా బీపీ ఉన్న పెద్దాయనకు సరిహద్దు ఇంకా పైనే ఉంటుంది. అందుకని సెడేషన్ మొదలుపెట్టేటప్పుడు మెదడు లెక్క కావాలంటే ట్రాన్స్‌డ్యూసర్‌ను చెవి రంధ్రం ఎత్తుకు జరిపి ఒకసారి చూసి రాసుకోండి. పాత బీపీ ఉన్నవాళ్లలో 80 దాకా పెంచితే ప్రాణాలు ఎక్కువ నిలుస్తాయని 2014 నాటి సెప్సిస్‌పామ్ అనే పరీక్షలో తేలలేదు, డయాలసిస్ అవసరం తగ్గింది, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పెరిగింది. కాబట్టి అందరికీ 80 అని కాదు. పెంచి చూడండి, మాట తేరుకుంటే ఆ అంకెను పట్టుకోండి, తేరుకోకపోతే మళ్లీ దించండి.

నార్ అడ్రినలిన్ లెక్కలోనూ ఒక ప్రమాదం ఉంది. ఆంప్యూల్ మీద బైటార్ట్రేట్ 2 మి.గ్రా. అని ఉంటే అందులో అసలు నార్ అడ్రినలిన్ 1 మి.గ్రా. ఒక ఆసుపత్రి ఇలా, ఇంకోటి అలా రాస్తే పేషంటు వచ్చిన చోట డోసు సగమో రెట్టింపో అవుతుంది. అసలు మందు 4 మి.గ్రా. 50 మి.లీ.లో కలిపితే మి.లీ.కు 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి నిమిషానికి కిలోకు 0.1 అంటే గంటకు 4.5 మి.లీ. రిఫరల్ కాగితం మీద మి.లీ. మాత్రమే రాయకండి, ఎంత మందు ఎంతలో కలిపారో కూడా రాయండి.

సిరంజి అయిపోయేదాకా ఆగి మార్చితే ఆ ఒకటి రెండు నిమిషాల్లో మ్యాప్ 45కి వెళ్లి వస్తుంది. రెండో పంపును ముందే తిప్పి ఉంచి, నెమ్మదిగా మార్చండి. నార్ అడ్రినలిన్ వెళ్లే లైనులోనే యాంటీబయాటిక్ తోస్తే, ట్యూబులో ఉన్న మందంతా ఒకేసారి లోపలికి వెళ్లి బీపీ 200 దాటుతుంది, ఆ తర్వాత ఖాళీ లైను నిండేదాకా పడిపోతుంది. డెక్స్ లైనులో తోస్తే గుండె ఆగినంత పని అవుతుంది. ఆ రెండు లైన్లకూ రంగు టేపు చుట్టి, ఇంకేదీ తోయకూడదని రాసి పెట్టండి.

కార్బన్ డయాక్సైడ్ సంగతి చాలామంది వదిలేస్తారు. అది 1 మి.మీ. మారితే మెదడు రక్తం సుమారు 3 శాతం మారుతుంది. ఒంట్లో యాసిడ్ పేరుకున్న పేషంటు గబగబా ఊపిరి పీల్చి దాన్ని 28 దగ్గర పట్టి ఉంచుతాడు. మిడజోలం, ఫెంటనిల్ కలిపి ఇస్తే అది గంటలో 45కి చేరుతుంది, పీహెచ్ పడిపోతుంది, సెప్టిక్ షాక్ పేషంట్లలో 40 దాటితే మెదడు ఆటోరెగ్యులేషన్ ఇంకా చెడుతుందని డాప్లర్‌తో, అంటే రక్తం వేగం కొలిచే అల్ట్రాసౌండ్‌తో, చూశారు. దీనికి ఎదురు తప్పు అంబులెన్సులో జరుగుతుంది. కంగారులో నిమిషానికి ముప్పై సార్లు ఊపిరి బ్యాగు నొక్కితే 40 నుంచి 28కి దిగి మెదడు రక్తం మూడో వంతు పోతుంది. అదే డెక్స్ ఇచ్చిన పేషంటైతే ఒక మూడో వంతు అప్పటికే తగ్గి ఉంది. షాక్‌లో ఊపిరి చివర కొలిచే కార్బన్ డయాక్సైడ్ అంకె అసలుకంటే తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి బ్యాగు తగ్గించకండి, పెంచకండి. బయల్దేరే ముందు ఒక ఏబీజీ, అంటే ధమని రక్తంలో వాయువుల పరీక్ష, చూసుకుంటే ఆ తేడా ఎంతో తెలుస్తుంది.

మెదడుకు రక్తం అందుతోందా అని చూడటానికి మన దగ్గరే సాధనం ఉంది. ఎకో చేసే ప్రోబును చెవి ముందు, బుగ్గ ఎముక పైన పెట్టి 45 నుంచి 60 మి.మీ. లోతులో చూస్తే మధ్య మస్తిష్క ధమని కనిపిస్తుంది. అందులో రక్తం సగటు వేగం సెకనుకు సుమారు 55 సెం.మీ. ఉంటుంది. సెడేషన్‌కు ముందు ఒకసారి, అరగంట తర్వాత ఒకసారి చూడండి. డయాస్టోల్ వేగం, అంటే గుండె వదులైనప్పటి వేగం, 20 కిందికి పడి, పల్సటిలిటీ ఇండెక్స్, అంటే ఎక్కువ తక్కువ వేగాల తేడాను సగటుతో భాగిస్తే వచ్చే అంకె, 1.4 దాటితే ముందు మ్యాప్ 10 పెంచి మళ్లీ చూడండి. వేగం ఎక్కితే ఆ మెదడుకు షట్టరు పనిచేయడం లేదని, మీరు పట్టుకున్న మ్యాప్ తక్కువని అర్థం. ఇది వేగమే గాని ప్రవాహం కాదు, కొందరికి ఎముక మందంగా ఉండి కనిపించదు కూడా. ఒకే పేషంటులో ముందూ తర్వాతా పోల్చడానికే వాడండి.

మిషను లేకపోతే మాటే సాధనం. నిద్రలో ఉన్నా పిలిస్తే పది సెకన్లు కళ్లలోకి చూడగలిగినంత సెడేషన్ చాలు. చెప్పిన అక్షరం వినపడగానే చేయి నొక్కే పరీక్షలో ఇంగ్లిష్ అక్షరాలు చెబితే మన పెద్దవాళ్లకు అర్థం కాక డెలీరియం, అంటే మతి తప్పింది, అని రాసేస్తున్నారు. అంకెలు చదివి ‘ఒకటి’ అన్నప్పుడు నొక్కమనండి. బామ్మగారూ అని ఇంట్లో పిలిచే పిలుపుతో పిలిస్తే ఇంకా బాగా పలుకుతారు, ఇంటివాళ్లను లోపలికి రానిచ్చి వాళ్లతో పిలిపించండి.

చివర్లో అడిగారు, డెక్స్ లేనిచోట అదే ఆల్ఫా-2 రకం క్లోనిడిన్ మాత్ర నలిపి, ముక్కు నుంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబులో వేయవచ్చా అని. షాక్‌లో పేగుకు రక్తం తక్కువ, మాత్ర ఎప్పుడు ఎంత పీల్చుకుంటుందో తెలియదు. ఒక్కసారి ఎక్కితే సగం దిగడానికే 12 గంటలకు పైగా పడుతుంది, కిడ్నీ పాడైతే ఇంకా ఎక్కువ. బీపీ పడితే వెనక్కి తీసుకోలేని మందు అది. షాక్ విడిపోయి, నార్ అడ్రినలిన్ ఆగి, డెక్స్ నాలుగైదు రోజులు నడిచి దాన్ని ఆపేటప్పుడు గుండె, బీపీ ఎగిసిపడితే అప్పుడు క్లోనిడిన్‌కు చోటుంది. అంతకుముందు నొప్పి మందు, చిన్న డోసు ప్రొపోఫాల్‌తో నెట్టుకురండి.